సొట్ట పడని గింజ

అమ్మలూకి, తమ్ముడికి తాతయ్య దీవెనలు.

మీ ఉత్తరం అందింది. ఉగాదికి మన ఊరొచ్చినప్పుడు రోడ్డు పక్కన ఎండేసిన మొక్కజొన్న గింజలకి నెత్తిన సొట్టలున్నాయి, అక్కడ విజయనగరంలో కొన్న పాప్‌కార్న్ గింజలకి మాత్రం ఒక్కదానికీ సొట్ట లేదు, ఎందుకు తాతయ్యా అని నువ్వడిగావు. విత్తనాల సంచి మీద ‘సెమీ ఫ్లింట్’ అని ఉంది, అదేంటని తమ్ముడు అడిగాడు. ఇద్దరికీ జవాబు ఒకటే.

గింజని ఒక ఇల్లనుకోండి. లోపల కాపురముండేది బుల్లి మొలక. దాని తిండే పిండి. ఆ పిండి రెండు రకాలుగా ఉంటుంది. ఒక రకంలో పిండి రేణువుల మధ్య మాంసకృత్తులు సందు లేకుండా కూరుకుని ఉంటాయి, అది గట్టి గోడ. రెండో రకంలో రేణువుల మధ్య గాలి చొరబడే ఖాళీలుంటాయి, అది మెత్తపిండి. మీరు చూసిన సొట్ట గింజలో గట్టి గోడ పక్కలకే ఉంటుంది. నెత్తిన మెత్తపిండే, అంటే గడ్డి కప్పు. పంట పండి గింజలో నీరు ఆరిపోతుంటే ఆ మెత్తపిండి కుంచించుకుపోయి కప్పు కుంగుతుంది. అదే సొట్ట. అలాంటి గింజని డెంట్ రకం అంటారు.

ఫ్లింట్ రకం ఇంటికి గోడలే కాదు, పైన స్లాబు కూడా గట్టిదే. నడిమధ్య చిన్న గదిలో మాత్రం కాస్త మెత్తపిండి ఉంటుంది. ఎంత ఎండినా కప్పు కుంగదు. గింజ గుండ్రంగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఇనుముతో కొడితే నిప్పురవ్వలు రాల్చే చెకుముకి రాయి పేరే ఇంగ్లీషులో ఫ్లింట్. ఆ గట్టిదనం చూసే గింజకా పేరు పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో స్టర్టెవాంట్ అనే అమెరికా శాస్త్రవేత్త మొక్కజొన్నల్ని గింజ తీరుని బట్టి విడదీసినప్పుడు ఈ రెండిటినీ వేరువేరు గుంపుల్లో పెట్టాడు. తమ్ముడూ, సెమీ ఫ్లింట్ అంటే స్లాబు చాలావరకు గట్టిదే, సొట్ట ఉండీ లేనట్టుంటుందని. కొనే రైతుకి గింజ ఎలాంటిదో తెలియాలి కదా, అందుకే సంచి మీద రాస్తారు.

గోడ గట్టిగా ఉంటే దొంగలకీ కష్టమే. ముక్కుపురుగు గట్టి గింజని తొలవడానికి చాలా తంటాలు పడుతుంది. మా చిన్నప్పుడు మామ్మ మంచి పొత్తులు ఏరి, పొట్టు వెనక్కి మడిచి ముడేసి, పొయ్యి మీద దూలానికి వేలాడదీసేది. ఆ పొగకి పురుగు దగ్గరికి రాదు. “ఇత్తనం పొత్తు ముట్టుకున్నారంటే ఊరుకోను” అనేది. మిగతావి మేం పిల్లలందరం అరుగు మీద కూర్చుని ఒలిచేవాళ్ళం. బొటనవేలు బొబ్బలెక్కితే, గింజలు తీసేసిన బెండు పుచ్చుకుని దాంతో రుద్దేవాళ్ళం. సాయంత్రం మామ్మ మంగలంలో ఇసక కాల్చి గుప్పెడు గింజలు పోసేది. కొన్ని పేలేవి, కొన్ని చిట్లి ఊరుకునేవి. అవీ వదిలేవాళ్ళం కాదు, పళ్ళ కింద పటపటలాడించి తినేవాళ్ళం. అన్నట్టు, రోడ్డు మీద గింజలు ఆరబోసి ఉంటే సైకిలు వాటి మీంచి పోనివ్వకండి. నాలుగు నెలలు నీళ్ళు కట్టి పండించిన తిండి అది.

పాప్‌కార్న్ కూడా ఫ్లింట్ కుటుంబానిదే. అది తలుపూ కిటికీ లేని బుల్లి ఇల్లు. లోపల నూటికి 13, 14 పాళ్ళు నీరుంటుంది. పెనం మీద వేడెక్కితే ఆ నీరు ఆవిరవుతుంది, బయటికి దారి ఉండదు. వేడి 180 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి లోపలి ఒత్తిడికి గోడా పొట్టూ ఒక్కసారే బద్దలై, కరిగిన పిండి నురగలా పొంగి తెల్లగా విచ్చుకుంటుంది. పొట్టుకి చిన్న పగులున్నా ఆవిరి మెల్లగా జారిపోతుంది, గింజ పేలదు. గిన్నె అడుగున మిగిలిపోయే గింజల్లో అలాంటివి ఉంటాయి.

ఒకే చేలో, ఒకే మట్టిలో, అదే చంపావతి ఏటి నీళ్ళు తాగిన రెండు మొక్కల్లో ఒకటి పిండిని నెత్తిదాకా బిగిస్తుంది, ఇంకోటి వదులుగా ఉంచుతుంది. ఎక్కడ బిగించాలో అంత చిన్న గింజకి ఎలా తెలుస్తుందో, ఇన్నేళ్ళు చేలో తిరిగిన నాకు ఇప్పటికీ అబ్బురమే. అదంతా ఉత్తరంలో చెప్పేది కాదు. మీరే చూడండి.

ఒక సొట్ట గింజ, ఒక పాప్‌కార్న్ గింజ రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టండి. పొద్దున అమ్మని నిలువుగా కోసిపెట్టమనండి, బ్లేడు మీరు పట్టుకోవద్దు. ముక్కల్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టండి. గట్టి పిండి ఉన్నచోట వెలుతురు కాస్త లోపలికి దిగి పసుపుగా కనిపిస్తుంది, మెత్తపిండి సుద్దలా తెల్లగా ఉంటుంది. రెండిటి బొమ్మలూ గీసి, ఏది ఎంత మేర ఉందో రంగు వేసి నాకు పంపండి.

మీ తాతయ్య