నీళ్ల సీసాలో ఒక్క స్కూపు

మారథాన్ల సీజన్ వచ్చిందంటే రన్నర్ల మధ్య పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. వ్యాయామానికి ముందు హుషారు కోసం తాగే ప్రీ-వర్కౌట్ పౌడర్ తాగి పరిగెత్తొచ్చా? స్ట్రాంగ్ కాఫీ తాగినట్టేగా అంటారు కొందరు. లండన్ సంగతి మర్చిపోయారా అంటారు మిగతావాళ్లు.

లండన్ సంగతి 2012 ఏప్రిల్ 22 నాటి మారథాన్‌ది. హెయిర్‌డ్రెసర్‌గా పనిచేసే 30 ఏళ్ల యువతి ఫినిష్‌కి మైలు దూరంలో కుప్పకూలి చనిపోయింది. ఆ రోజు నీళ్ల సీసాలో జాక్‌డ్ అనే పౌడర్ ఒక స్కూపు కలుపుకుంది. అందులో డీఎంఏఏ అనే ఉత్తేజక రసాయనం ఉంది. ఇది రక్తనాళాలను బిగించి బీపీ పెంచుతుంది. విపరీతమైన శ్రమకు డీఎంఏఏ తోడవడంతో గుండె ఆగిందని 2013 జనవరిలో కరోనర్ (మరణ కారణాన్ని విచారించే అధికారి) తేల్చారు.

అసలు మలుపు మాత్రం ఎనిమిదేళ్లు వెనక, అమెరికాలో ఉంది. 2004లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సప్లిమెంట్లలో ఎఫెడ్రా అనే ఉత్తేజక మూలికను నిషేధించింది. ఆ ఖాళీలోకి వచ్చింది డీఎంఏఏ. నిజానికి అది 1940ల నాటి ముక్కుదిబ్బడ మందు, ఎప్పుడో మార్కెట్ నుంచి తప్పుకుంది. మళ్లీ మందుగానే రావాలంటే పరీక్షలు, అనుమతులు కావాలి. సప్లిమెంట్‌గా వస్తే ఆ బాధ లేదు. సప్లిమెంట్ల మీద అమెరికా చేసిన 1994 చట్టం ప్రకారం ప్రమాదకరమని నిరూపించాల్సింది ప్రభుత్వమే. అందుకే, మందు కాదు సహజ పదార్థమే అనిపించడానికి, జెరేనియం మొక్కలో ఉండేదేనన్న కథ పుట్టింది.

2010లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా దీన్ని నిషిద్ధ జాబితాలో చేర్చింది. అదే ఏడాది ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో నైజీరియా రన్నర్ ఒసాయెమి 100 మీటర్ల స్వర్ణం పోగొట్టుకున్నది దీనివల్లే. అంటే పతకాల కోసం పరిగెత్తేవాళ్లకు వద్దన్న సరుకే, ఆదివారం రన్నర్లకు ఆన్‌లైన్‌లో డబ్బాల్లో దొరికేది! అమ్మకం ఆపాలని బ్రిటన్ నియంత్రణ సంస్థ చెప్పింది 2012 ఆగస్టులో. రేసు అయిపోయి అప్పటికి నాలుగు నెలలు.

చెప్పిన మోతాదులో వాడితే సురక్షితమేనని జాక్‌డ్ తయారీ సంస్థ యూఎస్‌పీ ల్యాబ్స్ వాదించింది. అయినా 2013లో తన నిల్వలు నాశనం చేసింది.

2015లో ఎఫ్‌డీఏ మళ్లీ కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. ఈసారి డబ్బాల్లో దొరికింది డీఎంబీఏ, డీఎంఏఏకి దగ్గరి చుట్టం. లేబుళ్ల మీద దానికి ఉన్న ఇంకో పేరు ఏఎంపీ సిట్రేట్.