పొయ్యి ఆర్పని గింజ

ఒక పాఠకురాలి ప్రశ్న: "ఆవకాడో గింజను కడిగి, రెండు వారాలు ఎండలో ఆరబెట్టి నాటాను. రెండు నెలలైనా మొలక లేదు. ముహూర్తం చూసి నాటాల్సిందా?"

ముహూర్తానికి ఇందులో పని లేదు. గింజ ఎండలోనే చచ్చిపోయింది. ఆమెను ఏమీ అనలేం. విత్తనం అంటే నిద్రపోతున్న మొక్క అనీ, ఎండితేనే నిలవ ఉంటుందనీ బడిలో చెప్పేది మనమే. వరికీ కందికీ అది నిజం. ఆవకాడోకు నిద్రే తెలియదు.

వరి గింజ ఊరికి వెళ్లే మనిషి లాంటిది. పొయ్యి ఆర్పి, గిన్నెలు సర్ది, తలుపులకు తాళం వేస్తుంది. పండే కొద్దీ నీటిని వదులుకుంటుంది. నీరు ఖాళీ చేసిన చోట చక్కెరలు, కొన్ని ప్రత్యేక ప్రోటీన్లు చేరి కణం లోపలి సరుకును గాజులా బిగిస్తాయి. శ్వాసక్రియ దాదాపు ఆగిపోతుంది.

ఆవకాడో గింజ పొయ్యి వెలుగుతుండగానే గడప దాటుతుంది. కణాల నిండా నీరు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో జోరుగా శ్వాస. దాన్ని ఎండబెడితే పొయ్యి వెంటనే ఆరదు, పొగచూరుతుంది. వరుసగా చేతులు మారి ఆక్సిజన్‌ను చేరవలసిన ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి, ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన, హాని చేసే అణువులు పుడతాయి, అవి కణాల పొరలను కాలుస్తాయి. కాపాడే గాజు బిగింపు లేదు. తరువాత ఎన్ని నీళ్లు పోసినా చిరిగిన పొరల్లోంచి సారమంతా కారిపోతుంది.

మామిడి, కోకో, రబ్బరు గింజలదీ ఇదే దారి. వీటికి 1973లో రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త 'రికాల్సిట్రెంట్' అని పేరు పెట్టారు, అంటే మొండివి. మైనస్ 18 డిగ్రీల్లో విత్తనాలు దాచే నార్వేలోని స్వాల్‌బార్డ్ భాండాగారానికి కూడా వీటిని దాచడం సాధ్యం కాదు, లోపలి నీరు మంచు స్ఫటికాలై కణాలను చీల్చేస్తుంది. అందుకే ఆవకాడో రకాలను ఎక్కువగా తోటల్లో బతికున్న చెట్లుగా కాపాడుకుంటున్నారు.

మధ్య అమెరికా తడి అడవుల్లో రాలిన గింజకు ఎదురుచూసే పని లేదు. కింద తేమ ఉంది, రెండు లావుపాటి బీజదళాల్లో నెలలకు సరిపడా తిండి ఉంది. ఇక తాళం ఎందుకు?

కాబట్టి పండు కోసిన రోజే గింజ నాటండి. వెడల్పు వైపు కిందికి, కొన పైకి. గ్లాసులో పెట్టేవారు టూత్‌పిక్‌లు గుచ్చుతారు, వాటిలో మహిమేమీ లేదు, గింజను నిలబెట్టడానికే. సగం మాత్రమే మునగాలి, నీళ్లు మారుస్తూ ఉండాలి. వెలిగే పొయ్యికి గాలి కావాలి కదా! రెండు నుంచి ఆరు వారాల్లో గింజ చీలి, ముందు వేరు దిగుతుంది.

కాయలకు చాలా ఏళ్లు పడుతుంది, అవి తల్లి పండులా ఉండవు కూడా. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ అలాంటి ఒక గింజ మొక్కకు తెలిసిన రకాన్ని అంటు కట్టబోయాడు. అంటు పట్టలేదు, మొక్కను అలాగే వదిలేశాడు. ఆ చెట్టు కాసిన గరుకు తొక్క కాయకే 1935లో తన పేరుతో పేటెంట్ తీసుకున్నాడు.