మానిటర్ కొనే ముందు టేపు తీయండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కొత్త మానిటర్ ఎన్ని అంగుళాలది తీసుకోమంటావని అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవడానికి మనసు ఒప్పలేదు. రోజూ గంటల తరబడి దాని ముందు కూర్చోబోయేది మీరు.

చాలా ఏళ్ల కిందట నా దగ్గర 19 అంగుళాల పాత తరహా మానిటర్ ఉండేది. వెడల్పు 5 పాళ్లయితే ఎత్తు 4 పాళ్లు, దాదాపు చదరంగా ఉండేది. దాన్ని తీసేసి 22 అంగుళాల వెడల్పు తెర తెచ్చుకున్నాను. మూడు అంగుళాలు పెరిగిందన్న సంతోషం వారం కూడా నిలవలేదు. ఏది చదువుతున్నా మునుపటికంటే ఎక్కువసార్లు పేజీని కిందికి జరపాల్సి వచ్చేది. అనుమానం వచ్చి టేపు పెట్టి చూశాను. పాత తెర ఎత్తు సుమారు 11.9 అంగుళాలు, కొత్తదాని ఎత్తు 10.8! అంగుళాల లెక్క ఒక మూల నుంచి ఎదురు మూలకు తీసేది కదా, తెర అడ్డంగా సాగేకొద్దీ అదే అంకెకు ఎత్తు తగ్గిపోతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే 16:9 (వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు) తెరల్లో ఆ పాత ఎత్తు దాదాపుగా రావాలంటే 24 అంగుళాలది తీసుకోవాలి. 34 అంగుళాల 21:9 తెర చూడటానికి ఎంతో పెద్దది. దాని ఎత్తు మాత్రం 27 అంగుళాల 16:9 తెరతో ఇంచుమించు సమానం. తెరమీద రెండు మూడు విండోలు పక్కపక్కన తెరిచి పనిచేసే వారికి ఆ వెడల్పు ఉపయోగమే. ఎక్కువగా చదవడం, రాయడం మీ పనైతే 16:10 తెర దొరుకుతుందేమో వెతకండి. 24 అంగుళాల్లోనే 12.7 అంగుళాల ఎత్తు వస్తుంది.

ఇక అక్షరాల స్పష్టత. తెరమీది బొమ్మంతా పిక్సెళ్లనే చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 (1920×1080) పిక్సెళ్లు 24 అంగుళాల తెరలో అంగుళానికి 92 చొప్పున సర్దుకుంటాయి. అవే పిక్సెళ్లను 27 అంగుళాలకు పరిస్తే 82కు పడిపోయి అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. అందుకే 27 కావాలంటే 2560×1440 ఉన్నదే తీసుకోండి, అంగుళానికి 109 వస్తాయి. 3840×2160 ఇంకా నున్నగా ఉంటుంది కానీ, అక్షరాలు మరీ చిన్నవవుతాయి. సెట్టింగ్స్‌లో వాటిని 150 శాతానికి పెంచుకోవాలి.

తెర రకాల్లో ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు, రోజువారీ పనికి నేను దాన్నే మెచ్చుకుంటాను. సెకనుకు 60 సార్లు బొమ్మ మారే తెర చాలు. 75, 100 ఉంటే పేజీ జరుగుతున్నప్పుడు కంటికి హాయిగా ఉంటుంది.

అన్నిటికంటే నేను పట్టుబట్టి చెప్పేది స్టాండు గురించి. ఎత్తు మార్చుకోవడానికి వీలులేని స్టాండు ఉన్న మానిటర్ కొనకండి. తెర పై అంచు మీ కంటి మట్టానికి గానీ, కాస్త కిందికి గానీ ఉండాలి. తెర మన మెడకు తగ్గట్టు కదలకపోతే మెడే తెరకు తగ్గట్టు వంగుతుంది. నేను రెండేళ్లు అలాగే వంగి నొప్పి తెచ్చుకున్నాను. మీ అమ్మలాగా ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (దూరపు చూపుకు పైభాగం, దగ్గరి చూపుకు కిందిభాగం ఉండేవి) పెట్టుకునేవారికి తెర ఇంకొంచెం కిందికే ఉండాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చూడాల్సి వస్తుంది. ఒకవేళ నచ్చిన మానిటర్‌కు మంచి స్టాండు లేకపోతే వెనక వీసా (VESA) మౌంట్, అంటే ఆర్మ్ బిగించే ఏర్పాటు, ఉందేమో చూడండి. 75 లేదా 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు మర రంధ్రాలు ఉంటే, విడిగా దొరికే ఆర్మ్ బిగించుకోవచ్చు.

కిటికీ తెర వెనక ఉండేలానూ పెట్టవద్దు, కిటికీని మీ వెనక వేసుకునీ కూర్చోవద్దు. వెలుతురు పక్క నుంచి రావాలి. పక్కన ఒక తెల్లకాగితం పెట్టి, తెరమీది తెలుపు దానితో కలిసేదాకా వెలుగు తగ్గించండి. కొత్త మానిటర్లు చాలావరకు అవసరానికి మించిన వెలుగుతోనే వస్తాయి.

ఇంటికి తెచ్చిన రోజే తెల్ల, నల్ల, ఎర్ర, ఆకుపచ్చ, నీలం రంగులను తెరంతా నింపి, చచ్చిపోయిన (వెలగని) పిక్సెళ్లు ఉన్నాయేమో చూడండి. వెనక్కి ఇచ్చే గడువు ముగిసేదాకా అట్టపెట్టె పారేయకండి. బిగించాక మీకు అలవాటైన తీరులో కూర్చుని, కంటికీ తెరకూ మధ్య టేపు పట్టండి. చేయి చాపినంత దూరం, అంటే 50 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. ఎంత వచ్చిందో ఇద్దరూ విడివిడిగా కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య