వాక్యం ఎప్పుడు తెరవాలి? పరామర్శ సేవలో అపోహలు, వాస్తవాలు

మా క్రైస్తవ సంఘం తరఫున ఆసుపత్రులకూ ఇళ్లకూ వెళ్లి రోగులనూ, ఆప్తులను పోగొట్టుకున్నవారినీ పరామర్శించే సేవలో పందొమ్మిదేళ్లుగా ఉన్నాను. కొత్తగా ఈ సేవలోకి వచ్చేవారికి ప్రేమకు కొదవ ఉండదు. ఆ ప్రేమను ఎలా చూపాలో, వాక్యం (అంటే బైబిలు) ఎప్పుడు తెరవాలో వారికి చెప్పేవారే తక్కువ. తరచూ నాకు ఎదురయ్యే అపోహలు ఇవి. మొదటిదాన్ని నేనే చాలాకాలం నమ్మాను.

అపోహ: దుఃఖంలో ఉన్నవారికి వెళ్లగానే వాక్యం వినిపించాలి.

వాస్తవం: కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి దగ్గరికి మూడో రోజున వెళ్లాను. ఆయన మంచం అంచున కూర్చుని కొడుకు చేతిగడియారం పట్టీని బిగిస్తూ, విప్పుతూ, మళ్లీ బిగిస్తూ ఉన్నారు. నేను బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం, రోమా పత్రిక 8:28 తెరిచాను. దేవుని ప్రేమించేవారికి సమస్తమూ మేలుకే సమకూడి జరుగుతాయన్న వచనం. చదవడం పూర్తికాకముందే ఆయన తల ఎత్తి, "ఇందులో మేలేమిటి బ్రదర్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

ఆ వచనం సత్యమే. దాన్ని తెరిచిన ఘడియే తప్పు. అదే పత్రికలో పౌలు "ఏడ్చువారితో ఏడువుడి" అని కూడా రాశాడు (12:15). చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది, నోరు తెరిచాక యోబు బాధ రెట్టింపైంది. దుఃఖంలో ఉన్నవాడి ముందు పాటలు పాడడం చలిరోజున ఒంటిమీది బట్ట లాగేయడం లాంటిదని సామెతల గ్రంథం (25:20) చెప్పిన మాట ఆ రోజు నాకు తగిలింది.

రెండు వారాల తర్వాత, వచ్చిన బంధువులందరూ వెళ్లిపోయాక, మళ్లీ వెళ్లాను. బైబిలు సంచిలోనే ఉంచి, అబ్బాయి పేరుపెట్టి అడిగాను, ఎలా ఉండేవాడని. ఆయన గంటసేపు మాట్లాడారు. ఆ గడియారం కొడుకు తన మొదటి జీతంతో కొనుక్కున్నదట. నాలుగోసారి వెళ్లినప్పుడు ఆయనే అడిగారు: "దేవుణ్ణి నిలదీసినవాళ్లు బైబిల్లో ఎవరైనా ఉన్నారా?" 13వ కీర్తన చదివాం, తర్వాత 88వ కీర్తన. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న చివరి మాట దగ్గర ఆయన చేయి ఎత్తి ఆపి, మళ్లీ చదవమన్నారు. ఆ కీర్తన అక్కడే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. పరామర్శకు వెళ్లేవారు వాటిని చదవడానికి ఎందుకు జంకుతారో నాకు అర్థం కాదు.

అపోహ: మంచి పనులు చేస్తే చాలు, నోరు తెరవనవసరం లేదు.

వాస్తవం: పై మాటలు చదివి ఎవరైనా ఈ కొసకు వెళ్లిపోతారేమోనని నా భయం. "ఎల్లప్పుడూ సువార్త ప్రకటించండి, అవసరమైతే మాటలు వాడండి" అని ఇటలీకి చెందిన సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ అన్నట్టు చెబుతుంటారు. 1226లో మరణించిన ఆయన రచనల్లో ఆ వాక్యం ఎక్కడా లేదు. సోదరులందరూ తమ క్రియలతో ప్రకటించాలని ఆయన నియమావళిలో ఉన్నమాట నిజం, కానీ ఆయన స్వయంగా ఊరూరా తిరిగి బోధించినవాడు. వినడంవల్ల విశ్వాసం కలుగుతుందని రోమా 10:17 చెబుతోంది. మన పలకరింపు వెనుక ఎవరున్నారో చెప్పకుండా దాచిపెడితే, అవతలివారు మనల్ని మంచివాళ్లనుకుని అక్కడితో ఆగిపోతారు.

అపోహ: ఈ పని పాస్టర్లది.

వాస్తవం: అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం మొదటి వచనాన్నీ నాలుగో వచనాన్నీ కలిపి చదవండి. తొలి సంఘంమీదికి హింస వచ్చినప్పుడు అపొస్తలులు, అంటే యేసు ఎన్నుకుని పంపినవారు, యెరూషలేములోనే ఉండిపోయారు. చెదిరిపోయి, వెళ్లినచోటల్లా వాక్యం చెప్పినవారు మామూలు విశ్వాసులు.

అపోహ: వచనం ఏదైనా, ఎవరికి పంపినా మేలే చేస్తుంది.

వాస్తవం: ఉదయాన్నే ఒకే వచనాన్ని ఫోనులో అందరికీ పంపే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. ప్రేమతోనే పంపుతారు, కాదనను. అయితే వచనాల అంకెలు మూలంలో లేవు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండు మతాధికారి స్టీఫెన్ లాంగ్టన్ చేసింది. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం చూసే వచన సంఖ్యలు 1551లో ఫ్రెంచి ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్ వేసినవి. బైబిల్లోని పత్రికలు, అంటే ఉత్తరాలు, మొదటినుంచి చివరివరకు చదివి వినిపించడానికి రాసినవి. ఉద్యోగం పోయినవారికి, మీ విషయంలో నావి మేలు ఉద్దేశాలేనని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 పంపుతాం. దాని ముందు వచనంలో డెబ్బై సంవత్సరాలని ఉంది! బబులోనుకు చెరపట్టబడినవారికి రాసిన ఉత్తరం అది. విన్నవారిలో చాలామంది తిరిగివచ్చే రోజు చూడలేదు. అది తెలిసి చదివితే ఆ వాగ్దానం బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు. నన్ను బలపరచేవానివల్ల సమస్తం చేయగలనన్న ఫిలిప్పీ 4:13 కూడా అంతే. పౌలు బంధకాల్లో ఉండి, ఆకలిలోనూ సమృద్ధిలోనూ ఎలా ఉండాలో నేర్చుకున్నానని చెప్పిన వెంటనే రాసిన మాట అది.

పంపాలనిపిస్తే ఒక్కరికే పంపండి. "నిన్న మీరు అన్న మాట గుర్తొచ్చి ఇది చదివాను" అని ఒక వాక్యం జతచేయండి. రక్షణ, సాక్ష్యం, మారుమనస్సు లాంటి పదాలు సంఘం బయట ఉన్నవారికి వేరే అర్థంలో వినబడతాయి, లేదా అసలు వినబడవు. సాక్ష్యం అనగానే వారికి న్యాయస్థానం గుర్తొస్తుంది. ఆ మాటలను విప్పి చెప్పాలి. అపొస్తలుల కార్యములు 8లో, రథంలో కూర్చుని చదువుకుంటున్న ఐతియొపీయుడి దగ్గరికి వెళ్లిన ఫిలిప్పు ముందుగా అడిగింది, చదువుతున్నది అర్థమవుతోందా అనే. ఆ ఐతియొపీయుడి చేతిలో ఉన్న యెషయా గ్రంథం నుంచే మొదలుపెట్టాడు.

అపోహ: సహాయం చేస్తే వాక్యం చెప్పే హక్కు వస్తుంది.

వాస్తవం: రాదు. మంచంమీద ఉన్న రోగి లేచి వెళ్లిపోలేడు. అందుకే నేను ప్రతిసారీ అడుగుతాను: "ప్రార్థన చేయమంటారా?" వద్దంటే వద్దు, నీళ్లు అందించడం మాత్రం ఆగదు. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దారిలో పడి ఉన్నవాడికి నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, పూటకూళ్లవానికి రెండు దేనారాలు ఇచ్చాడు, అంటే రెండు రోజుల కూలి. గాయపడినవాణ్ణి ఏమీ అడగలేదు. యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో కృతజ్ఞత చెప్పడానికి వచ్చింది ఒక్కడే అయినా, మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు.

చూపు మందగించిన ఒక పెద్దాయనకు వారానికి రెండుసార్లు దినపత్రిక చదివి వినిపిస్తున్నాను. ముందు ఆటల పేజీ, తర్వాత సంపాదకీయం, ఆ వరుస తప్పకూడదు. నేను ఏ సంఘం నుంచి వస్తున్నానో, ఎందుకు వస్తున్నానో మొదటిరోజే చెప్పాను. రెండేళ్లలో ఆయన బైబిలు గురించి ఒక్క మాటా అడగలేదు. ఆయన పేరు నా రోజువారీ ప్రార్థనలో ఉంది. గురువారం మళ్లీ వెళ్లాలి, పత్రిక నేనే కొని తీసుకెళ్తాను.