సీతమ్మ కథ చదివాక

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని ఒక అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టుకుని కూచునేవారు. వాళ్ల వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. తాగుబోతు మొగుడితో ఒక ఇల్లాలు పడ్డ అగచాట్లు. దూబగుంట ఆడవాళ్లకు అది పక్కింటి సంగతిలా తోచింది. చదివారు, మాట్లాడుకున్నారు, అందరూ కలిసి ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ సంగతే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. మిగతా ఊళ్లూ కదిలాయి. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

దీన్ని మనం సారా పోరాటంగానే చెప్పుకుంటాం. పెద్దవాళ్లు ఎలా నేర్చుకుంటారో చెప్పడానికి నాకైతే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. 'అ అంటే అమ్మ' అంటే పసివాడు ఎందుకని అడగడు. పొద్దంతా నాట్లు వేసి వచ్చిన మనిషి, పైకి అనకపోయినా, అడుగుతుంది: ఇది నాకెందుకు? బ్రెజిల్‌లో పావ్లో ఫ్రేరి అనే విద్యావేత్త పట్టుకున్నదీ ఈ ప్రశ్ననే. 1963లో అంజికోస్ అనే చోట దాదాపు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పాలని పూనుకున్నాడు. అక్షరమాలతో కాదు, వాళ్ల నోట రోజూ నలిగే మాటలతో.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత మాత్రం మనల్ని వదలదు. లక్నో దగ్గరి పల్లెల్లో చదువు రాని ఆడవాళ్లకు ఆరు నెలలపాటు హిందీ చదవడం నేర్పి, ముందూ తర్వాతా మెదడు స్కాన్ తీశారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో మార్పు మెదడు పైపొరలోనే కాదు, లోపల అడుగున ఉండే థాలమస్‌లో, మెదడు కాండంలో కూడా కనిపించింది. మాను వంగింది, అదీ వేళ్ల దాకా.

వయసుతో తగ్గేది లేకపోలేదు. కొత్త విషయాన్ని చకచకా పట్టే వేగం ఇరవైలు దాటాక మెల్లగా సన్నగిల్లుతుంది. పదసంపద, లోకజ్ఞానం మాత్రం యాభై దాటాక కూడా పెరుగుతూ ఉంటాయి. కిరాణా కొట్టు నడిపే మనిషికి శాతాలు కొత్తగా నేర్పక్కర్లేదు, తను రోజూ చేసే లెక్కకే పేరు చెబితే సరిపోతుంది. నిజంగా అడ్డుపడేది సిగ్గు. కొడుకు వయసు వాళ్ల పక్కన కూచోవాలి, తప్పు చెబితే నవ్వుతారేమో. పరీక్ష హాలు టెన్షన్ సరేసరి.

దానికి తోడు పాత అలవాటు ఒకటి. చాలా ఏళ్లకు పుస్తకం తెరిచినవాళ్లు స్కూల్లో చేసినట్టే చదివిందే మళ్లీ మళ్లీ చదువుతారు, కింద గీతలు గీస్తారు. చదువుతున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఇది పరీక్షించి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లే నెగ్గారు. ఖాళీ గంటలు దొరకని మనిషికి ఇది మంచి కబురే. బస్సులో నిలబడి, పుస్తకం లేకుండా, నిన్నటి పాఠం మనసులో చెప్పుకోవచ్చు.

మరి పెద్దయ్యాక చదువుకు తిరిగి ఎందుకొస్తారు? అమెరికాలో సిరిల్ హూల్ అనే విద్యావేత్త, చదువు కొనసాగిస్తున్న 22 మంది పెద్దవాళ్లను కూచోబెట్టి అడిగి 1961లో రాశాడు. కొందరికి ప్రమోషన్ లాంటి గురి ఉంది, కొందరికి నలుగురితో కలవడం కావాలి, కొందరికి తెలుసుకోవడమే ఇష్టం. ఇవి విడివిడిగా ఉంటాయని నేననుకోను. 1982లో హైదరాబాద్‌లో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ), దేశంలోనే మొదటిది, ఇంటర్ లేనివాళ్లకూ అర్హత పరీక్షతో డిగ్రీ తలుపు తీసింది. ప్రమోషన్ కోసం చేరిన గుమాస్తా ఆదివారం క్లాసుకు స్నేహితుల కోసం వస్తాడు, డిగ్రీ చేతికొచ్చాక చరిత్రలో ఎమ్.ఏ.కి దరఖాస్తు పెడతాడు. ఎందుకయ్యా, రిటైర్మెంట్ రెండేళ్లేగా అంటే నవ్వి ఊరుకుంటాడు.