పందిరి బయట నిలబడి పెళ్లి వినడం

ఒంగోలు, కందుకూరు వైపు పెళ్లికి ఆలస్యంగా బయల్దేరినవాళ్లు పందిరి కనపడకముందే ‘అయిపోయింది, తాళి కట్టేశారు’ అనేస్తారు. మంత్రం వినపడదు, పీటల మీద ఎవరున్నారో తెలియదు. చెవిన పడింది మేళం ఒక్కటే. పాట లేని మేళం అంత కబురు ఎలా మోస్తుంది?

వాద్యానికి పేర్లు చెప్పడం రాదు. ‘పెళ్లికూతురు’ అనో ‘తలంబ్రాలు’ అనో పలికే స్వరం లేదు. దానికి చేతనైంది నడక చెప్పడం: మొదలైంది, దగ్గరపడుతోంది, బిగిసింది, వదిలింది. పేర్లు మనమే అలవాటు కొద్దీ తగిలించుకుంటాం.

దీనికి మంచి నమూనా మల్లారి. తమిళ దేశపు ఆలయాల్లో స్వామి ఊరేగింపుకు కదిలేటప్పుడు వాయించే ఈ రచనకు అసలు సాహిత్యమే ఉండదు. రాగం గంభీరనాట, స, గ, మ, ప, ని, అంతే. తాళం మారకుండా అదే వరసను ముందు నిదానంగా, తర్వాత రెట్టింపు కాలంలో, ఆపైన నాలుగింతల్లో వాయిస్తారు. స్వామి కదిలాడని వీధి చివర ఉన్నవాళ్లకు ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు.

రాగాన్ని బట్టే భావం అనుకోవడం సగమే నిజం. ముఖారి రాగంలో సాధారణ గాంధారం అనే ‘గ’ స్వరం ఉంది, ఆనందభైరవిలోనూ అదే ఉంది. షడ్జం, అంటే ఆధారమైన ‘స’, 293 హెర్ట్జ్ అయితే ఆ గాంధారం సుమారు 352. ఒకటి శోకానికి పేరుపడింది, రెండోది పెళ్లిపాటల రాగం. తేడా గాంధారంలో లేదు. దాన్ని ఎంతసేపు ఊపారు, ఎటు నుంచి తాకారు, ఎంత వేగంగా దాటారు అన్నదాంట్లో ఉంది. 1999లో కెనడాలో బాల్క్‌విల్, థామ్సన్ అనే పరిశోధకులు మన రాగాలతో పరిచయం లేని శ్రోతలకు హిందుస్థానీ రాగాలు వినిపించారు. సంతోషం, విషాదం, కోపం వాళ్లు బాగానే పోల్చుకున్నారు. వేగమూ, వరసలోని మెలికలూ వాళ్లకు దారి చూపాయి. శాంతం దగ్గర మాత్రం తడబడ్డారు.

ఇక ముహూర్తం. అంతవరకూ సన్నాయి మధ్య స్థాయిలో తిరుగుతుంటుంది, డోలు సన్నగా నడుస్తుంటుంది. అనుభవమున్న విద్వాంసుడు ఒక కన్ను పురోహితుడి చేతి మీదే ఉంచి కాకలి నిషాదం, అంటే పై ‘స’కు ఆనుకుని ఉన్న ‘ని’, దగ్గర కాసేపు ఆగుతాడు. పై షడ్జం అర మెట్టు దూరంలోనే ఉన్నా చెవికి అందదు. ఈ ఎదురుచూపే సంగీతంలో భావానికి మూలమని 1956లో అమెరికన్ సంగీత పండితుడు లెనర్డ్ మేయర్ వాదించాడు. ‘గట్టిమేళం’ అనగానే పై షడ్జం, వేగం, డోలు మీద కుడిచేతి తొడుగుల వేళ్లు, ఎడమచేతి పుల్ల అన్నీ ఒకేసారి పడతాయి. తుమ్ము, ఏడుపు, అశుభం మాట వినపడకూడదని పెద్దలంటారు. శబ్దశాస్త్రం ప్రకారమూ అది పనిచేస్తుంది. మన చెవికి 2 నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య సున్నితం ఎక్కువ. సన్నాయి నాదంలో ఆ మేర బలంగా ఉంటుంది, డోలు దెబ్బ మిగతా ఖాళీలను నింపుతుంది. పక్కవాడి తుమ్ము ఆ హోరులో మునిగిపోతుంది.

కథ చెడేది ఎక్కువగా సన్నాయి మొనకు పెట్టి ఊదే పీక దగ్గరే. రెండు రేకుల ఆ పీక ఎండితే అదరదు, మరీ నానితే మెత్తబడి పై స్థాయిలో శ్రుతి జారుతుంది. అందుకే విద్వాంసులు సన్నాయికి దారంతో విడి పీకలు వేలాడదీసుకుని, ముహూర్తానికి ముందే ఒకటి తడిపి ఉంచుకుంటారు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా చేతిలోనైనా ఎండిన పీక పలకదు.

రెండో చిక్కు స్పీకర్ పెట్టెలతో. వేదిక పక్కన కూర్చున్నవాళ్లకు సన్నాయి నేరుగా వినిపిస్తుంటే, డోలు శబ్దం 30 మీటర్ల అవతల పెట్టిన స్పీకర్ నుంచి వస్తే, అది దాదాపు 90 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. దెబ్బ వేరుగా, స్వరం వేరుగా పడి గట్టిమేళం చీలిపోతుంది. వాయించే ఇద్దర్నీ రెండు మీటర్లలోపు కూర్చోబెట్టి, చిన్న పందిరైతే మైకు తీసేయడం మేలు. సన్నాయి, డోలు జంటకు చాలాసార్లు దాని అవసరమే ఉండదు.