చెరువులోకి దిగాక తీయలేం: పరాయి చేపలు, గుర్రపు డెక్క గురించి అపోహలు – వాస్తవాలు

చెరువుల మీద మత్స్య సహకార సంఘాలతో కలిసి చేసే పని మాది. చేప పిల్లలు వదిలే చోట, వలలు ఆరేసే చోట, గుర్రపు డెక్క తీయించే చోట మాకు వినిపించే మాటలు ఊరు మారినా పెద్దగా మారవు. అందులో కొన్ని నిజాలు. కానీ కొన్ని మాటల్ని నమ్మడం వల్లే చెరువులు పాడవుతున్నాయి. బయటి దేశాల నుంచి వచ్చి మన నీళ్లలో పాతుకుపోయి, మన చేపలకు తిండీ చోటూ లేకుండా చేసే జీవుల గురించి ఇక్కడ రాస్తున్నాను. నాకు బాగా తెలిసినవి తెలంగాణ గొలుసుకట్టు చెరువులు, ఆంధ్రాలో కొల్లేరు. కాబట్టి ఎక్కువగా వాటి గురించే.

అపోహ: అక్వేరియం చేపను చంపడం పాపం. చెరువులో వదిలేస్తే హాయిగా బతుకుతుంది.

నిజమే, హాయిగా బతుకుతుంది. మన బాధ అంతా అదే. షాపుల్లో 'ట్యాంక్ క్లీనర్' అని అమ్మే చేప దక్షిణ అమెరికా నదులది. వేలెడంత ఉన్నప్పుడు గాజుకు నోరు అతికించుకుని పాచి తింటూ ఉంటే పిల్లలకు భలే సరదా. తర్వాత అది అడుగు దాటి పెరుగుతుంది. ట్యాంకు చాలదు. చంపడానికి చేతులు రావు. బకెట్‌లో వేసుకెళ్లి దగ్గర్లోని చెరువులో వదులుతారు. మన జాలర్లు దెయ్యం చేప అనేది దీన్నే. పేపర్లలో డెవిల్ ఫిష్ అని వస్తుంది.

వలలో పడితే గానీ దీని సంగతి తెలియదు. ఒంటి మీద మామూలు పొలుసులు ఉండవు, ఎముక పలకలు వరసగా పేర్చినట్టు ఉంటాయి. చేత్తో రాస్తే గరుకు కాగితంలా గీరుకుంటుంది. వీపు రెక్క ముందు ఒక ముల్లు, పక్క రెక్కల ముందు చెరొక ముల్లు. టంగూసు (సన్నటి నైలాన్ దారం) వలలో పడగానే ఆ ముళ్లన్నీ విప్పి బిగుసుకుపోతుంది. వెనక్కి లాగితే రాదు, ముందుకు తోస్తే ఇంకా చిక్కుకుంటుంది. చివరికి వల కళ్లు కోసి తీయాల్సిందే. బొచ్చె కోసం వేసిన వలలో ఇలాంటివి నాలుగు పడ్డాయంటే ఆ రోజు పొద్దంతా వల కుట్టుకోవడంతోనే సరి. అంతా చేసి కోస్తే మాంసం కొంచెమే, కొనేవాళ్లు ఉండరు.

కోపంతో కట్ట మీదికి విసిరేస్తే చచ్చిపోతుందిలే అనుకుంటారు. ఇది గాలి మింగి కూడా ఊపిరి తీసుకోగలదు, తడిగా ఉంటే గంటల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. దొర్లుకుంటూ మళ్లీ నీళ్లలో పడుతుంది. దీని మగ చేప గట్టు వాలులో బొరియ తవ్వి, లోపల గుడ్లకు కాపలా కాస్తుంది. అందుకే పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. మట్టికట్ట చెరువులో వరసగా ఇలాంటి బొరియలు పడితే ఏమవుతుందో రైతులకు నేను చెప్పక్కర్లేదు. ప్యూర్టోరికోలో ఈ చేపలను మింగబోయి ముళ్లు గొంతులో ఇరుక్కుని పెలికాన్లు చనిపోయిన సంగతి శాస్త్రవేత్తలు నమోదు చేశారు. కొల్లేరులో ఆటపాక గూడబాతులను (పెలికాన్లనే మనం అలా అంటాం) చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

చేప వద్దనుకుంటే అమ్మిన షాపుకే తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునే వాళ్లకు ఇవ్వండి. చెవి దగ్గర ఎర్ర చార ఉండే చిన్న తాబేళ్లకూ ఇదే వర్తిస్తుంది. అవి అమెరికావి, గుడి కోనేటిలో వదిలితే పుణ్యం రాదు.

అపోహ: వలకు పడలేదంటే మా చెరువులో లేనట్టే.

వలకు పడేసరికి అది వచ్చి చాలా కాలమై ఉంటుంది. చేప ఒంటి నుంచి రాలే జిగురు, మలం ద్వారా దాని డీఎన్‌ఏ నీళ్లలో కలుస్తుంది. చెరువు నీటిని వడపోసి ఆ డీఎన్‌ఏ ఉందో లేదో చూసే పద్ధతిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఈ దెయ్యం చేప కోసమే తయారు చేశారు. తూర్పు కనుమల ప్రాంతంలో నీటి వనరులను అలా పరీక్షిస్తే 60 శాతం చోట్ల దాని ఆనవాళ్లు దొరికాయి. మిగతా 40 శాతం చోట్లే ఇప్పుడు మన పని ఎక్కువ. చెరువు నిండా పాకాక చేయగలిగింది తక్కువ. ఒకటీ అరా కనిపించినప్పుడే పట్టేస్తే కొంత ఆశ ఉంటుంది.

అపోహ: గుర్రపు డెక్కను ఒకసారి మొత్తం తీసేస్తే పీడ వదిలిపోతుంది.

ఇది కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. ఊదారంగు పువ్వు అందంగా ఉందని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చుకున్నారు. మురుగు కలిసే వెచ్చటి నీళ్లలో రెండు వారాలకే రెట్టింపు అవుతుంది. మొక్క పక్క నుంచి కాడ సాగి, ఆ కాడ చివర పిల్ల మొక్క వస్తుంది. కాడ తెగితే పిల్ల మొక్క తన దారిన తాను పోయి ఇంకోచోట మొదలుపెడుతుంది. గింజలు అడుగున బురదలో 15, 20 ఏళ్లు చెడిపోకుండా ఉంటాయి. లక్షలు ఖర్చుపెట్టి తీయించిన చెరువు మరుసటి ఏడాదికే మళ్లీ పచ్చగా కనిపించేది ఈ గింజల వల్ల, మూలమూలన మిగిలిన నాలుగు మొక్కల వల్ల. మురుగు ఆగనంత కాలం దానికి ఎరువు వేసి పెంచుతున్నట్టే.

తీయించేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఆ మొక్క బరువులో 90 శాతానికి పైగా నీళ్లే. తీసింది తీసినట్టు లారీకి ఎత్తితే డబ్బంతా నీళ్లు మోయడానికే పోతుంది. గట్టు మీద ఆరబెట్టి ఎత్తాలి. అయితే కట్టకు నీళ్లవైపు కాకుండా బయటివైపు వేయాలి. శిఖంలోనే (చెరువు లోపలి నేలలోనే) కుప్పలు పోసి వదిలేస్తే మొదటి పెద్ద వానకు అంతా మళ్లీ చెరువులోకే వస్తుంది. ఇలా జరగడం చాలాచోట్ల చూశాను. పూత రాకముందే తీస్తే గింజ పడదు. ఒక చెరువులో పనిచేసిన జేసీబీని, పడవను కడగకుండా ఇంకో చెరువుకు పంపొద్దు. గొలుసుల సందుల్లో ఇరుక్కున్న ఒక్క మొక్క చాలు.

మందు కొడదామంటారు కొందరు. మొక్క చస్తుంది, కానీ చచ్చిందంతా మునిగి కుళ్లుతుంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి చేపలు తేలతాయి. గడ్డిచేపను వేద్దామంటారు ఇంకొందరు. గడ్డిచేప నీళ్లలో మునిగి ఉండే మెత్తటి నాచును ఇష్టంగా తింటుంది, గుర్రపు డెక్కను మాత్రం అదుపు చేయలేదు. నిజంగా పనిచేసేవి దాని సొంత దేశపు ముక్కు పురుగులు. 1980లలో వాటిని మన దేశానికి తెచ్చి, వేరే మొక్కల జోలికి పోవని తేల్చుకున్నాకే వదిలారు. బెంగళూరు చెరువుల్లో, మణిపూర్‌లోని లోక్‌తాక్ సరస్సులో బాగా పనిచేశాయి. వాటికి రెండు మూడేళ్ల టైమ్ ఇవ్వాలి, ఈ లోపు మందు కొట్టకూడదు. ఆ ఓపిక మనకు తక్కువ.

కొల్లేరులో ఇంకో చిక్కు ఉంది. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీళ్లన్నీ అందులోకి వస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. గుర్రపు డెక్క అక్కడ అడ్డం పడితే ముంపు లంక ఊళ్లకే.

అపోహ: ఎండాకాలం చెరువు ఎండితే అన్నీ చస్తాయి.

కొన్ని చస్తాయి. గుర్రపు డెక్క గింజకు మాత్రం వేసవిలో బయటపడిన బురద, ఎండ, ఆ తర్వాత తడి దొరికితే మొలవడానికి అంతకన్నా మంచి అదను లేదు. దెయ్యం చేప బొరియలో తడిగా ఉన్నంత కాలం ఓర్చుకుంటుంది, కింద చెప్పబోయే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మడుగు బురదలో దాక్కుంటుంది. అయినా ఎండే చెరువే మనకు దొరికే మంచి అవకాశం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తూము దగ్గరి మడుగుకు చేరాక ఆ మడుగును పూర్తిగా పట్టేయాలి. చిన్నవి కదా అని వదిలేస్తే జూన్‌లో మళ్లీ అవే.

అపోహ: క్యాట్‌ఫిష్ అంటే మన మార్పు చేపే కదా.

కాదు. మన మార్పు చిన్న చేప. రెండు మూడు కిలోలు తూగే 'మార్పు' అమ్ముతున్నారంటే అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అని అనుమానించాల్సిందే. కోళ్ల వ్యర్థాలతో దొంగచాటుగా పెంచుతారు. దొరికిన ప్రతిదీ, మన చేప పిల్లలతో సహా, తినేస్తుంది. దీని పెంపకంపై దేశమంతా నిషేధం ఉంది. ఉన్న నిల్వలను ధ్వంసం చేయమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. దాన్ని పెంచే గుంత గట్టు వానకు తెగిందంటే అది వాగులోకి, అక్కడి నుంచి చెరువులోకి చేరుతుంది.

అపోహ: గంబూసియా చేప దోమలను తింటుంది, దానివల్ల నష్టం లేదు.

ఇది చెబితే చాలామందికి నచ్చదు, అయినా చెప్పాలి. గంబూసియాను 1928లో మన దేశానికి తెచ్చారు. దోమ లార్వాలతో పాటు మన చేపల గుడ్లు, పిల్లలు, కప్ప పిల్లలు కూడా తింటుంది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే కంటుంది, అందుకే త్వరగా పెరుగుతుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరాయి జీవుల జాబితాలో దాని పేరుంది. మన జాతీయ జీవవైవిధ్య సంస్థ కూడా దాన్ని ఆక్రమణ జాతుల్లో చేర్చింది. అయినా 2023లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు కోటి గంబూసియాలను నీటి వనరుల్లో వదిలారు. డెంగీ భయం నాకు అర్థమవుతుంది. కానీ డెంగీ దోమ పెరిగేది ఎక్కువగా ఇంటి తొట్టిలో, కూలర్‌లో, పాత టైరులో. చెరువులో ఈ చేప వేస్తే వాటికేమీ కాదు. తల మీద వెండి చుక్కతో మెరిసే పాంచాక్స్ లాంటి మన చిన్న చేపలూ లార్వాలను తింటాయి. కుంటల్లోకి వాటిని వదలొచ్చు.

అపోహ: బయటి నుంచి వచ్చిన చేపలన్నీ చెడ్డవే.

అంత సూటిగా తేల్చేయలేం. గడ్డిచేప చైనాది, కానీ నిలవ నీటి చెరువులో తనంతట తాను పిల్లలు పెట్టదు. బంగారు తీగ అలా కాదు. మనదే అనుకునేంతగా అలవాటైపోయింది గానీ అదీ బయటిదే. అడుగు బురదను కెలికి నీళ్లను మడ్డిగా చేస్తుంది, నాచు మీద గుడ్లు పెట్టి అక్కడే పెరుగుతుంది. 1952లో వచ్చిన తిలాపియా, అదే జిలేబీ చేప, చెరువంతా చిన్న సైజు చేపలతో నింపేస్తుంది. చూడాల్సింది ఆ చేప ఇక్కడ తనంతట తాను పెరుగుతుందా, ఏం తింటుంది అనేవే.

వేరే దేశాలకు పోతే మనవీ పరాయివే. మన చెరువుల్లోని హైడ్రిల్లా నాచు అక్వేరియం వ్యాపారంతో ఫ్లోరిడాకు చేరి, అక్కడి సరస్సులను కప్పేసింది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కూడా అంతే. 2002లో అమెరికా ఆ కుటుంబం మొత్తాన్ని హానికర జీవుల జాబితాలో పెట్టింది. ప్రాణంతో దేశంలోకి తేవడం నేరం. ఒకాయన సూప్ కోసం ప్రాణంతో కొని, అంతకుముందే కుంటలో వదిలేసిన కొర్రమీను జాతి చేపలు ఆ ఏడాదే మేరీల్యాండ్‌లో బయటపడ్డాయి. అవి పిల్లలు పెట్టేసరికి ఆ కుంట మొత్తానికీ విషం పెట్టి చంపాల్సి వచ్చింది.

అపోహ: మా చెరువు మేం చూసుకుంటే చాలు.

కాకతీయుల కాలం నుంచీ మన చెరువులు ఒకదాని మత్తడి (నిండాక నీళ్లు పొర్లే అలుగు) ఇంకోదానిలోకి దిగేలా కట్టినవి. పై చెరువులో పడింది అలుగు పారిన రోజే కింది చెరువుకు వస్తుంది. తొలకరికి చేపలు ఎదురెక్కుతాయి కాబట్టి కింద పడింది పైకి కూడా పోతుంది. ఇప్పుడు ప్రాజెక్టు కాలువలతోనూ చెరువులు నింపుతున్నాం. పట్టిసీమ ఎత్తిపోతల పథకం వచ్చాక 2015 నుంచి గోదావరి నీళ్లు కృష్ణలోకి వస్తున్నాయి. ఒక ఊరి సంఘం ఎంత జాగ్రత్తగా ఉన్నా పై ఊరు పట్టించుకోకపోతే ఆ కష్టమంతా వృథా.

అందుకే గొలుసులోని సంఘాలన్నీ కలిసి ఒకే నెలలో పని పెట్టుకోవాలి. గుర్రపు డెక్క తీయడం పై చెరువు నుంచి మొదలుపెట్టాలి. మత్తడికి జాలి బిగించొద్దు. చెత్త అడ్డుపడి నీళ్లు ఆగితే కట్టకే ముప్పు. జాలి బిగించాల్సింది పెంపకం గుంతల నుంచి బయటికి పోయే దారులకు. అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల మధ్య ఉన్న టాహో సరస్సులో 2008 నుంచి బయటి మోటారు పడవలను తనిఖీ చేయనిదే నీళ్లలోకి దిగనివ్వరు. అవసరమైతే వేడినీళ్లతో కడుగుతారు. రెండు రాష్ట్రాలకూ ఒకే రూలు. మన దగ్గర పడవల కన్నా చేప పిల్లల బండి ముఖ్యం, తనిఖీ అక్కడ జరగాలి.

పిల్లలను సంచి నుంచి నేరుగా చెరువులోకి వంచొద్దు. ముందు తెల్లటి టబ్‌లో పోసి చూడాలి. బొచ్చె, రోహు పిల్లల్లో పొడుగు మీసాలు, నున్నటి పొలుసుల్లేని ఒళ్లు కనిపిస్తే క్యాట్‌ఫిష్. వీపు రెక్క మొత్తం ముళ్లతో గుచ్చుకుంటే జిలేబీ. నోరు కిందికి గిన్నెలా ఉంటే దెయ్యం చేప. ఒక్కటి కనిపించినా ఆ సంచి మొత్తం పక్కన పెట్టి మత్స్యశాఖ వాళ్లను పిలవండి. బండివాడు తొందరపెడతాడు, పెట్టనివ్వండి. ఊరు దాటి వచ్చిన వల ఏదైనా గడ్డి ముక్కలు ఏరి, ఎండలో బాగా ఆరాకే నీళ్లలోకి దిగాలి.

అపోహ: తినేస్తే సరి, అవే తగ్గిపోతాయి.

ధర పలికిందంటే ఎవరో ఒకరు పెంచడం మొదలుపెడతారు. క్యాట్‌ఫిష్ విషయంలో జరిగింది అదే.

అపోహ: నిషేధం ఉంది కదా, ప్రభుత్వమే చూసుకుంటుంది.

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇలాంటి జీవుల దిగుమతి, అమ్మకం, పెంపకాలను కట్టడి చేసే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. బంగ్లాదేశ్ ఈ ట్యాంక్ క్లీనర్ చేపను నిషేధించింది. మన షాపుల్లో ఇప్పటికీ సంచుల్లో వేలాడుతూ కనిపిస్తుంది. దాన్నీ అలాగే నిషేధించాలని మత్స్య సంఘాలు తీర్మానాలు చేసి జిల్లా మత్స్యశాఖకు ఇవ్వాలి. వినతిపత్రానికి కోసిన వల ఫోటో, చేప ఫోటో, చెరువు పేరు, తేదీ జతచేస్తే అధికారికి కాదనడానికి ఏమీ మిగలదు. పట్టిన చేపను తిరిగి నీళ్లలో వేయకండి, గట్టున ప్రాణంతో వదలకండి. చంపి, నీళ్లకు దూరంగా గుంత తీసి పూడ్చండి, ఆ రోజే పై చెరువు సంఘానికీ కింది చెరువు సంఘానికీ ఫోన్ చేసి చెప్పండి.